ట్యూబు వేయకముందు: ఆయాసం రోగికి నేసల్ ప్రాంగ్స్ నుంచి బైపాప్ దాకా

ఆయాసంతో వచ్చిన మనిషికి ఆక్సిజన్ తగిలించడం ఎవరైనా చేస్తారు. ఏ పరికరం పెట్టాలి, ఎంత ఫ్లో, శాచురేషన్ (రక్తంలో హిమోగ్లోబిన్ ఎంత శాతం ఆక్సిజన్‌తో నిండిందన్న కొలత) ఎంతకు తేవాలి, ఎంతసేపు చూసి పనిచేయడం లేదని ఒప్పుకోవాలి అన్న దగ్గరే తేడా వస్తుంది. ఏరియా ఆసుపత్రిలో, జిల్లా ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసే డాక్టర్లనూ స్టాఫ్ నర్సులనూ దృష్టిలో పెట్టుకుని రాస్తున్నది ఇది. ఇంట్లో చేసుకునే వైద్యం కాదు. గుండె ఆగినా, రోగి ఎగశ్వాసలోకి వెళ్లినా ఇందులో ఏదీ పనికిరాదు. అప్పుడు బ్యాగ్-మాస్కుతో ఊపిరి ఇస్తూ శ్వాసనాళంలోకి ట్యూబు వేయాల్సిందే.

ముందు మనిషిని చూడండి

మానిటర్ వైపు తిరిగే ముందు మంచం పక్కన నిలబడి నిమిషం పాటు శ్వాసలు లెక్కపెట్టండి. 15 సెకన్లు చూసి నాలుగుతో గుణించడం వద్దు, ఆయాసంలో ఊపిరి ఒకే తీరుగా నడవదు. కేసు షీట్లలో అందరికీ 20 అని రాసేయడం అలవాటైపోయింది. ఆ అంకెను నమ్మి నిర్ణయాలు తీసుకోకండి. నిమిషానికి 25 దాటితే కాచుకుని ఉండాలి, 30 దాటితే ఇప్పుడే ఏదో ఒకటి మార్చాలి. ఒక్క గుక్కలో ఎన్ని మాటలు అనగలుగుతున్నారో వినండి. మెడ కండరాలు లేస్తున్నాయా, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతోందా చూడండి. ఊపిరి పీల్చినప్పుడు పొట్ట పైకి లేవాలి. అది లోపలికి పోతుంటే డయాఫ్రమ్ అలిసిపోతోందని అర్థం, శాచురేషన్ 95 ఉన్నా సరే.

తర్వాత తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఒంటికి ఆక్సిజన్ ఎక్కట్లేదా, లేక కార్బన్ డయాక్సైడ్ బయటికి పోవట్లేదా? మామూలు గాలి పీలుస్తున్నప్పుడు ధమని రక్తంలో ఆక్సిజన్ 60 మి.మీ. కంటే తగ్గితే మొదటి రకం. న్యుమోనియా, ఏఆర్‌డీఎస్ (ఊపిరితిత్తులంతటా తీవ్రమైన వాపు), ఊపిరితిత్తుల్లో నీరు చేరడం ఇందులోకి వస్తాయి. కార్బన్ డయాక్సైడ్ 45 దాటి, పీహెచ్ (తగ్గితే రక్తంలో ఆమ్లం పెరిగినట్టు) 7.35 కంటే పడిపోతే రెండో రకం. ఇందులో ముందుండేది సీఓపీడీ, అంటే ఊపిరి గొట్టాలు శాశ్వతంగా ఇరుకైపోయే జబ్బు. చుట్ట, బీడీ తాగినవారే కాదు, ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి ముందు కూర్చున్న ఆడవాళ్లు, పాత టీబీతో ఊపిరితిత్తులు దెబ్బతిన్నవారు, బాగా ఊబకాయం ఉన్నవారు, గూని ఉన్నవారు, కండరాల బలహీనత ఉన్నవారు కూడా ఈ గుంపులోనే ఉంటారు. "ఆవిడ పొగతాగరు కదా" అని సీఓపీడీని కొట్టేయకండి. మగత, ఉదయాన్నే తలనొప్పి, వెచ్చటి చేతులు, చాచి పట్టుకోమంటే మణికట్టు దగ్గర రెక్కల్లా కొట్టుకునే చేతులు కార్బన్ డయాక్సైడ్ పెరిగిందని చెప్పే గుర్తులు. వీలుంటే ఏబీజీ (ధమని రక్తంలో వాయువుల పరీక్ష) తీయాల్సిందే. దాని కోసం ఆక్సిజన్ మాత్రం ఆపకండి.

పల్స్ ఆక్సీమీటర్ అంకెకు ముందు దాని తరంగం చూడండి. తరంగం సాఫీగా లేకపోతే, పల్స్ రేటు మీరు చేత్తో లెక్కపెట్టినదానితో కలవకపోతే ఆ శాచురేషన్‌కు విలువ లేదు. గోళ్ల రంగు తుడిచేయండి. నల్లగా పండిన గోరింటాకు, చల్లబడిన వేళ్లు, బీపీ పడిపోవడం అన్నీ అంకెను చెడగొడతాయి. వేలు వదిలేసి చెవి తమ్మెకు పెట్టి చూడండి. నల్లటి ఒంటి రంగు ఉన్నవారిలో మీటర్ ఉన్నదానికంటే కాస్త ఎక్కువ చూపించే అవకాశం ఉంది. 92 అని చూపిస్తున్నా మనిషి బాగోకపోతే మనిషినే నమ్మండి. ఎంత ఆక్సిజన్ ఇచ్చినా 85 దగ్గరే ఆగిపోయి, తీసిన రక్తం చాక్లెట్ రంగులో కనబడితే మెథిమోగ్లోబిన్ (ఆక్సిజన్‌ను మోయలేని రకం హిమోగ్లోబిన్) అనుమానించండి. డాప్సోన్ మాత్రలు, జుట్టుకు వేసే నల్లరంగు తాగడం మన దగ్గర కనిపించే కారణాలు. గదిలో కుంపటి పెట్టుకుని పడుకున్నవారిలో దీనికి తిరగబడుతుంది: కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని మీటర్ గుర్తించదు, 98 అని నిశ్చింతగా చూపిస్తుంది.

ఎంత ఇవ్వాలి

ఆక్సిజన్ మందు. మందుకు మోతాదు రాసినట్టే దీనికి లక్ష్యం కేసు షీట్ మీద రాయాలి. మామూలుగా 94 నుంచి 98 శాతం. కార్బన్ డయాక్సైడ్ పేరుకునే ప్రమాదం ఉన్నవారికి, అంటే సీఓపీడీ, ఊబకాయం, గూని, కండరాల జబ్బులు ఉన్నవారికి 88 నుంచి 92. ఈ రెండో లక్ష్యాన్ని చాలామంది మాటగా ఒప్పుకుని చేతల్లో పాటించరు. శాచురేషన్ 90 కనబడగానే అటెండెంట్లు కంగారు పడతారు, ఎవరో ఒకరు ఫ్లో పెంచేస్తారు. అందుకే "లక్ష్యం 88-92, పెంచకండి" అని పెద్ద అక్షరాలతో మంచం దగ్గర రాసి పెట్టండి. టాస్మానియాలో అంబులెన్స్ రోగుల మీద చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఎక్కువ ఫ్లోతో ఆక్సిజన్ ఇచ్చినవారితో పోలిస్తే కొలిచి 88-92 మధ్య ఉంచినవారిలో మరణాలు సగానికి పైగా తగ్గాయి.

ఎక్కువ ఆక్సిజన్ ఇస్తే సీఓపీడీ రోగి ఊపిరి తీసుకోవడం మానేస్తాడన్నది పాత పాఠం. అసలు జరిగేది ఎక్కువగా వేరే. గాలి సరిగా చేరని భాగాలకు రక్తం వెళ్లకుండా ఊపిరితిత్తి తనంతట తాను రక్తనాళాలను బిగిస్తుంది. ఆక్సిజన్ అతిగా ఇస్తే ఆ బిగింపు సడలి, రక్తం పనిచేయని చోటికి పారుతుంది. హిమోగ్లోబిన్ కూడా ఆక్సిజన్‌తో నిండిన కొద్దీ తాను మోసే కార్బన్ డయాక్సైడ్‌ను వదిలేస్తుంది. అయితే కార్బన్ డయాక్సైడ్ పెరిగిందని ఆక్సిజన్ ఒక్కసారిగా పీకేయకండి. ఆక్సిజన్ మొదటికంటే కిందికి పడిపోతుంది. 88-92కు మెల్లగా దించండి.

మన జిల్లాల్లో పనిచేసేవారు తప్పక గుర్తుపెట్టుకోవాల్సిన మినహాయింపు పారాక్వాట్ గడ్డిమందు. అది ఊపిరితిత్తుల్లో చేరి, ఆక్సిజన్ అందిన కొద్దీ ఎక్కువ నష్టం చేస్తుంది. తాగి వచ్చిన మనిషికి అలవాటుగా మాస్కు తగిలించకండి. శాచురేషన్ 85 కంటే తగ్గితేనే ఇచ్చి, 85-88 మధ్య ఉంచండి. ఏ మందు తాగారో సీసా తెప్పించి చూసేదాకా అడుగుతూనే ఉండండి.

ప్రాంగ్స్, మాస్కులు

నేసల్ ప్రాంగ్స్‌తో (ముక్కులో పెట్టే రెండు చిన్న గొట్టాలు) నిమిషానికి 1 నుంచి 6 లీటర్లు. 1 లీటరుకు పీల్చే గాలిలో ఆక్సిజన్ సుమారు 24 శాతం, ఆపైన ప్రతి లీటరుకు సుమారు 4 శాతం పెరుగుతుందని లెక్క. మామూలు ఫేస్ మాస్కుకు 5 నుంచి 10 లీటర్లు. 5 కంటే తక్కువ పెడితే రోగి వదిలిన గాలే మాస్కులో నిలిచి మళ్లీ లోపలికి పోతుంది. ఈ శాతాలన్నీ తాపీగా ఊపిరి తీసుకునే మనిషికి వర్తించేవి. ఆయాసపడేవారు పీల్చే వేగం నిమిషానికి 60 లీటర్లు దాటుతుంది. మీరు ఇచ్చే 6 లీటర్లు పోను మిగతాదంతా గదిలో గాలే.

సీఓపీడీకి మొదటి ఎంపిక ఆక్సిజన్ శాతాన్ని కచ్చితంగా ఇచ్చే వెంచురీ మాస్కు. నీలం 24 శాతం, 2 లీటర్లు. తెలుపు 28, 4 లీటర్లు. పసుపు 35, 8 లీటర్లు. ఎరుపు 40, 10 లీటర్లు. ఆకుపచ్చ 60, 15 లీటర్లు. కంపెనీని బట్టి రంగులు మారవచ్చు, గొట్టం మీద అచ్చువేసిన అంకే ప్రమాణం. ఫ్లో పెంచితే శాతం పెరగదు, శాతం మార్చాలంటే రంగు ముక్క మార్చాలి. శ్వాస రేటు 30 దాటినప్పుడు మాత్రం రాసి ఉన్న ఫ్లోకు సగం అదనంగా పెట్టండి, అప్పుడే రోగి పీల్చే వేగానికి సరిపోతుంది. రంగు ముక్కకు గాలి లోపలికి వచ్చే కిటికీల్లాంటి రంధ్రాలు ఉంటాయి, వాటి మీద దుప్పటి కప్పుకుపోకుండా చూడండి. రాత్రిపూట ఇది తరచూ జరుగుతుంది.

రిజర్వాయర్ బ్యాగు ఉన్న నాన్-రీబ్రీదర్ మాస్కుకు 10 నుంచి 15 లీటర్లు. ముఖానికి పెట్టేముందు లోపలి వాల్వు మీద వేలు ఉంచి బ్యాగు పూర్తిగా నింపండి. పీల్చినప్పుడు బ్యాగు మూడో వంతుకు మించి కుంగకూడదు, కుంగితే ఫ్లో చాలడం లేదు. పక్క రంధ్రాల మీద పలచటి రబ్బరు రేకులు ఉన్నాయో లేదో చూసుకోండి. అవి ఊడిపోయిన మాస్కు మామూలు మాస్కుతో సమానం.

హ్యూమిడిఫయర్ సీసా దగ్గర ఒక చిన్న పరీక్ష చేయండి. ఆక్సిజన్ తెరిచి, సీసా నుంచి రోగికి వెళ్లే ట్యూబును మడిచి పట్టుకుంటే కొన్ని క్షణాల్లో సీసా మీద సేఫ్టీ వాల్వు ఈల వేయాలి. ఈల రాకపోతే మూత మర సరిగా ఎక్కలేదు, లేదా వాషర్ పోయింది. ఫ్లోమీటర్ 10 చూపిస్తున్నా అందులో చాలా భాగం మూత దగ్గరే పోతోందన్నమాట. సీసాలో స్టెరైల్ నీళ్లు గీత దాకానే పోయాలి, రోజూ మార్చాలి. కుళాయి నీళ్లు వద్దు. ఫ్లోమీటర్ నిటారుగా ఉండాలి, గోళీ మధ్యభాగం దగ్గర అంకె చదవాలి.

హై ఫ్లో నేసల్ కాన్యులా

15 లీటర్ల మాస్కు మీద కూడా 92 రాకపోతే, లేదా వచ్చినా ఊపిరి వేగం తగ్గకపోతే, మొదటి రకం రోగికి తర్వాతి మెట్టు ఇదే. నిమిషానికి 60 లీటర్ల దాకా వెచ్చబెట్టి తేమపట్టిన గాలిని ముక్కులోకి పంపుతుంది. రోగి పీల్చే వేగంతో సరితూగుతుంది కాబట్టి మీరు పెట్టిన శాతం నిజంగా అందుతుంది. గొంతులో నిలిచిన పాత గాలిని కడిగేస్తుంది, కాస్త పీప్ (ఊపిరి వదిలాక ఊపిరితిత్తుల్లో మిగిలే ఒత్తిడి) కూడా ఇస్తుంది. ఫ్రాన్స్, బెల్జియంలలోని 23 ఐసీయూల్లో 310 మంది మీద చేసి 2015లో ప్రచురించిన ఫ్లోరాలీ అధ్యయనంలో ట్యూబు అవసరమైనవారి సంఖ్యలో స్పష్టమైన తేడా తేలలేదు. 90 రోజుల మరణాలు మాత్రం హై ఫ్లో పెట్టినవారిలో తక్కువ.

స్టెరైల్ నీళ్ల సంచి వేలాడదీసి, ఛాంబర్‌లోకి నీళ్లు దిగాక మెషిన్ ఆన్ చేయండి. వేడెక్కడానికి కొన్ని నిమిషాలు ఇవ్వాలి. చల్లటి పొడిగాలి 50 లీటర్ల వేగంతో ముక్కులోకి కొడితే ఏ రోగీ ఉంచుకోడు, తర్వాత ఎంత చెప్పినా వినడు. ఉష్ణోగ్రత 37 డిగ్రీలు. వేడి భరించలేకపోతే 34. కాన్యులా ముక్కు రంధ్రంలో సగానికి మించి ఆక్రమించకూడదు, వదిలే గాలికి దారి ఉండాలి. 30 లీటర్లతో మొదలుపెట్టి, రెండు మూడు నిమిషాలకోసారి పెంచుతూ 50 దాకా, అవసరమైతే 60 దాకా వెళ్లండి. ఆక్సిజన్ శాతాన్ని మొదట ఎక్కువగానే పెట్టి, లక్ష్యం అందాక దించండి. నోరు మూసుకుని ఉండమనండి.

ట్యూబులో నీళ్లు చేరడం రోజూ ఉండే బెడద. ఏసీ గాలి నేరుగా ట్యూబు మీద కొడితే ఇంకా ఎక్కువ. ట్యూబు రోగి కంటే కిందుగా వేలాడాలి. చేరిన నీళ్లను ఛాంబర్ వైపే ఒంపాలి, ముక్కు వైపు కాదు.

పనిచేస్తోందా లేదా తెలుసుకోవడానికి న్యుమోనియా రోగుల్లో రాక్స్ సూచిక వాడండి. శాచురేషన్‌ను ఆక్సిజన్ భాగంతో భాగించి, వచ్చినదాన్ని శ్వాస రేటుతో భాగించాలి. శాచురేషన్ 92, ఆక్సిజన్ 60 శాతం అంటే 0.6, శ్వాస రేటు 30 అనుకోండి. 92ను 0.6తో భాగిస్తే 153, దాన్ని 30తో భాగిస్తే 5.1. మొదలుపెట్టిన 2, 6, 12 గంటల దగ్గర ఇది 4.88 లేదా అంతకు మించి ఉంటే ట్యూబు అవసరం పడే అవకాశం తక్కువ. 2 గంటలకు 2.85 కంటే, 6 గంటలకు 3.47 కంటే, 12 గంటలకు 3.85 కంటే తక్కువగా ఉంటే విఫలమవుతోందని అర్థం. అదే 92 శాచురేషన్ 80 శాతం ఆక్సిజన్ మీద, శ్వాస రేటు 36తో వస్తే రాక్స్ 3.2 మాత్రమే. మానిటర్ మీద రెండు చోట్లా 92 అనే కనబడుతుంది. అందుకే శాచురేషన్ ఒక్కటే చెప్పి ఫోన్‌లో రిపోర్ట్ ఇవ్వకండి; శాతం, ఫ్లో, శ్వాస రేటు కలిపి చెప్పండి.

మెలకువగా ఉన్న రోగిని బోర్లా పడుకోబెట్టడం కోవిడ్‌లో బాగా ఉపయోగపడింది. ఛాతీ కింద, తుంటి కింద దిండ్లు పెట్టి, కాన్యులా నలగకుండా తల పక్కకు తిప్పించండి. పడుకోలేకపోతే ఓ పక్కకు ఒత్తిగిలినా కొంత మేలు. బలవంతం వద్దు.

బైపాప్: ఎవరికి, ఎవరికి కాదు

బైపాప్ అంటే మాస్కుతో ఒత్తిడి ఇచ్చి ఊపిరికి సాయం చేయడం. అది బాగా రుజువైన చోట్లు రెండు: సీఓపీడీ ముదిరి పీహెచ్ 7.35 కంటే తగ్గి కార్బన్ డయాక్సైడ్ పెరిగినప్పుడు, గుండె వైఫల్యంతో ఊపిరితిత్తుల్లో నీరు చేరినప్పుడు. ఊబకాయం వల్ల కార్బన్ డయాక్సైడ్ పేరుకున్నవారికీ బాగా పనిచేస్తుంది. తీవ్రమైన న్యుమోనియాకు, ఏఆర్‌డీఎస్‌కు మాత్రం నమ్మకం తక్కువ. పెడితే గంట కోసారి చూసే చోటే పెట్టాలి.

స్పృహ లేనివారికి, వాంతులు అవుతున్నవారికి, రక్తపు వాంతులు అయినవారికి, ముఖానికి గాయాలు లేదా కాలిన పుండ్లు ఉన్నవారికి, బీపీ నిలబడనివారికి, న్యుమోథోరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం) ఉండి ఛాతీలో డ్రెయిన్ ట్యూబు వేయనివారికి పెట్టకూడదు. కార్బన్ డయాక్సైడ్ వల్లనే మగతగా ఉన్న సీఓపీడీ రోగికి, పక్కనే మనిషి ఉండి, ట్యూబు సామాను సిద్ధంగా ఉంచుకుని గంటసేపు ప్రయత్నించవచ్చు. పురుగుమందు తాగినవారికి నోటి నిండా చొంగ, ఊపిరితిత్తుల నిండా స్రావాలు ఉంటాయి, మాస్కు వాటిని లోపలికే తోస్తుంది. కట్లపాము కాటుతో రెప్పలు వాలి, మింగలేకపోతున్నవారికీ ఇంతే. ఆ ఇద్దరికీ ట్యూబే సరైన దారి, ఆలస్యం చేయకూడదు. జుట్టు రంగు తాగి మెడ, నాలుక వాచినవారి సంగతీ అదే.

మాస్కు, ట్యూబు జత కుదిరిందా?

మెషిన్ ఆన్ చేసేముందు దీన్ని చూడకపోతే ప్రాణాపాయం. ఒకే ట్యూబు ఉన్న బైపాప్ మెషిన్‌లో రోగి వదిలిన గాలి బయటికి పోవడానికి ఎక్కడో ఒకచోట రంధ్రాలు ఉండాలి, మాస్కు మీదైనా, ట్యూబు చివర పోర్టులోనైనా. రంధ్రాల్లేని మాస్కును పోర్టు లేని ఒంటి ట్యూబుకు తగిలిస్తే రోగి తన గాలినే మళ్లీ మళ్లీ పీలుస్తాడు. ఐసీయూ వెంటిలేటర్‌కు రెండు ట్యూబులు ఉంటాయి, దానికి రంధ్రాల్లేని మాస్కే పెట్టాలి, మోడ్‌లో ఎన్ఐవీ (ట్యూబు లేకుండా మాస్కుతో సాయం) ఎంచుకోవాలి. చాలా కంపెనీల్లో రంధ్రాల్లేని మాస్కుకు నీలం రంగు ఎల్బో ఉంటుంది. రంగును నమ్మకుండా చేత్తో తడిమి చూడండి. రంధ్రాల నుంచి గాలి కొడుతోందని ప్లాస్టర్ అంటించే అటెండెంట్లు ఉంటారు. అది లీకు కాదు, ఉండాల్సిన దారి అని ముందే చెప్పండి. ఒంటి ట్యూబు మెషిన్‌లో ఈపాప్ (ఊపిరి వదిలేటప్పటి ఒత్తిడి) 4 కంటే తగ్గించవద్దు, ఆ దారి గుండా గాలి సరిగా పోదు.

ఇంట్లో వాడే రకం మెషిన్‌కు ఆక్సిజన్ శాతం పెట్టే ఏర్పాటు ఉండదు. మాస్కుకో, ట్యూబుకో ఆక్సిజన్ కలుపుతాం. ఒత్తిడి పెంచినా, లీకు పెరిగినా ఆ శాతం పడిపోతుంది, కాబట్టి ప్రతి మార్పు తర్వాతా శాచురేషన్ చూడాలి. మెషిన్ ఆన్ చేశాకే ఆక్సిజన్ తెరవండి, ఆక్సిజన్ కట్టేశాకే మెషిన్ ఆపండి. లేకపోతే మెషిన్ లోపల ఆక్సిజన్ చేరి మంటలకు అవకాశం ఇస్తుంది.

మొదటి అరగంట

బైపాప్ గెలిచేదీ ఓడేదీ ఎక్కువగా ఈ అరగంటలోనే. తలవైపు 45 డిగ్రీలు లేపి కూర్చోబెట్టండి. అమ్మా, నాన్నా, పెద్దయ్యా అని మీరు మామూలుగా ఎలా పిలుస్తారో అలాగే పిలిచి చెప్పండి: "పెద్దయ్యా, ఇది గాలి గట్టిగా తోస్తుంది. మొదట ఉక్కిరిబిక్కిరిగా ఉంటుంది. దానికి ఎదురు ఊదొద్దు, అది ఇచ్చినప్పుడు పీల్చు. నేను ఇక్కడే ఉంటా. వాంతి వచ్చేలా ఉంటే చెయ్యెత్తు, వెంటనే తీసేస్తా." చెప్పినట్టే అక్కడ ఉండండి. మాస్కును సొంతంగా ఎలా తీసుకోవాలో కూడా చూపించండి. తీసుకోగలమని తెలిసినవారికి భయం తగ్గుతుంది.

ముక్కూ నోరూ కప్పే మాస్కుతో మొదలుపెట్టండి. పైఅంచు ముక్కు దూలం మీద, కిందిఅంచు కింది పెదవికి కొంచెం కింద ఉండాలి. రెండు సైజుల మధ్య సందేహం వస్తే చిన్నదే తీసుకోండి. కట్టుడు పళ్లు బిగువుగా ఉంటే ఉంచండి, బుగ్గలు నిలబడి లీకు తగ్గుతుంది. వదులుగా ఉంటే తీసేయండి. ఐపాప్ (పీల్చేటప్పటి ఒత్తిడి) 10, ఈపాప్ 4 లేదా 5 సెంటీమీటర్ల నీటి ఒత్తిడితో మెషిన్ నడిపి, పట్టీలు కట్టకుండా మాస్కును చేత్తో ముఖానికి ఆనించి పట్టుకోండి. రోగి చేతనే పట్టించగలిగితే ఇంకా మంచిది. ఐదు నిమిషాలకు ఊపిరి మెషిన్‌తో కలుస్తుంది. అప్పుడు రెండువైపులా సమానంగా పట్టీలు బిగించండి. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. కాస్త లీకు ఉండనివ్వండి, మెషిన్ భర్తీ చేసుకుంటుంది. లీకు పూర్తిగా ఆపాలని బిగిస్తే రెండో రోజుకు ముక్కు దూలం మీద పుండు పడుతుంది. మొదటి నుంచే అక్కడ హైడ్రోకొల్లాయిడ్ పట్టీ వేసి, రెండు నాలుగు గంటలకోసారి మాస్కు ఎత్తి చర్మం చూడండి.

సీఓపీడీలో ఐపాప్‌ను 5-10 నిమిషాలకోసారి 2 చొప్పున పెంచుతూ గంటలోపు 15-20కి చేర్చండి. పీహెచ్ 7.25 కంటే తక్కువుంటే 20కి ఇంకా త్వరగా వెళ్లాలి. 10/5 మీద పెట్టి వదిలేసి, పొద్దున ఏబీజీ బాగాలేదని బైపాప్ ఫెయిలైందని రాయడం తరచూ కనిపించే తప్పు. అక్కడ బైపాప్ సరిగా ఇవ్వనేలేదు. కార్బన్ డయాక్సైడ్‌ను కడిగేది ఐపాప్, ఈపాప్‌ల మధ్య తేడా. రెండూ కలిపి పెంచితే ఆ తేడా మారదు. వచ్చే టైడల్ వాల్యూమ్ (ఒక్కో ఊపిరిలో వెళ్లే గాలి) ఎత్తును బట్టి లెక్కగట్టిన ఆదర్శ బరువుకు కిలోకు 6-8 మి.లీ. ఉండాలి. 60 కిలోలకు 360 నుంచి 480. బ్యాకప్ రేటు (రోగి పీల్చకపోతే మెషిన్ తానుగా ఇచ్చే ఊపిరులు) నిమిషానికి 12-16. పీల్చే సమయం సెకను లేదా అంతకన్నా తక్కువ, వదలడానికి ఎక్కువ సమయం దక్కాలి. రోగి ప్రయత్నిస్తున్నా మెషిన్ ట్రిగ్గర్ కాకపోతే (ఊపిరి అందించకపోతే) ఛాతీలో గాలి చిక్కుకుపోయి ఉంటుంది, ఈపాప్‌ను 6-8కి పెంచి చూడండి. ఆక్సిజన్ 88-92కు సరిపడా మాత్రమే.

గుండె వైఫల్యానికి సీపాప్ (పీల్చినా వదిలినా ఒకే ఒత్తిడి) చాలు. 5తో మొదలుపెట్టి 8-10కి పెంచండి. బీపీ మీద కన్ను ఉంచండి, ఛాతీలో ఒత్తిడి పెరిగితే గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది. నైట్రోగ్లిజరిన్, ఫ్రూసెమైడ్ పక్కనే నడవాలి. సీఓపీడీకి నెబ్యులైజేషన్, స్టెరాయిడ్లు కూడా అంతే. నెబ్యులైజర్‌ను గాలి కంప్రెసర్‌తో నడపండి. ఆక్సిజన్‌తో నడపక తప్పకపోతే 6 నిమిషాలకు మించొద్దు.

రోగి మాస్కు లాగేస్తుంటే మత్తు ఇంజక్షన్ వైపు చెయ్యి పోనీయకండి. ముందు లీకు, కళ్లలోకి కొట్టే గాలి, చాలని లేదా మితిమీరిన ఒత్తిడి, నిండిన మూత్రాశయం, పేరుకున్న కఫం వెతకండి. వీటిలో ఏదీ కాకపోతే అది ఆక్సిజన్ లేమి కావచ్చు, పెరుగుతున్న కార్బన్ డయాక్సైడ్ కావచ్చు. పొట్ట ఉబ్బితే ఐపాప్ తగ్గించగలరేమో చూడండి, బాగా ఉబ్బితే రైల్స్ ట్యూబు (ముక్కు నుంచి పొట్టలోకి) వేయండి. అందరికీ ముందే వేయనక్కర్లేదు, దాని పక్క నుంచి లీకు వస్తుంది.

ఎప్పుడు ఆపి ట్యూబు వేయాలి

మొదలుపెట్టిన గంటకు ఏబీజీ, మళ్లీ 4 గంటలకు. పీహెచ్ పెరిగి శ్వాస రేటు తగ్గుతుంటే కొనసాగించండి. గంటకు ఏ మార్పూ లేకపోతే మాస్కు, లీకు, ఒత్తిడి, ఈపాప్, మందులు మళ్లీ సరిచూసి మార్చండి. 4 గంటలకూ పీహెచ్ కదలకపోతే, లేదా ఈలోపే పడిపోతే, మగత పెరిగితే, బీపీ పడిపోతే, కఫం తీయలేకపోతే ఆగొద్దు. హై ఫ్లో మీద రెండు రోజులు లాక్కొచ్చి ఆ తర్వాత ట్యూబు వేయించుకున్నవారిలో మరణాలు ఎక్కువని అధ్యయనాలు చూపాయి. మా దృష్టిలో మాస్కు వైద్యంలో అసలు ప్రమాదం ఇదే: అంకెలు కాస్త బాగుండటం వల్ల అలిసిపోతున్న మనిషి కనబడకుండా పోవడం. ట్యూబు వేస్తారా లేదా, వేస్తే ఎప్పుడు, వేయకూడదని కుటుంబం, రోగి ఎంచుకుంటే మాస్కే చివరి మెట్టా అన్నది మొదలుపెట్టిన గంటలోనే మాట్లాడి కేసు షీట్ మీద రాయండి. తెల్లవారుజామున మూడింటికి మాట్లాడాల్సిన సంగతి కాదు అది.

మీ దగ్గర ట్యూబు, వెంటిలేటర్ లేకపోతే పంపించే నిర్ణయం ఇంకా ముందే తీసుకోవాలి. మెల్లగా దిగజారుతున్న రోగికి అంబులెన్స్‌లో దారి మధ్యలో ట్యూబు వేయడం కంటే మీ వార్డులో వేసి పంపడం మంచిది.

సిలిండర్ లెక్క

డీ టైపు సిలిండర్ నీటి పరిమాణం 46.7 లీటర్లు, బీ టైపుది 10. దాన్ని గేజ్ మీద కనబడే ఒత్తిడితో గుణిస్తే మిగిలిన ఆక్సిజన్ లీటర్లు సుమారుగా వస్తాయి. నిండు సిలిండర్ 150 కిలోల ఒత్తిడికి డీ టైపులో 7000 లీటర్లు, బీ టైపులో 1500. నాన్-రీబ్రీదర్ 15 లీటర్ల మీద బీ టైపు 100 నిమిషాలు వస్తుంది. పాడేరు నుంచి ఘాట్ రోడ్డు మీద విశాఖపట్నానికి మూడు గంటలు అనుకుంటే 2700 లీటర్లు కావాలి. టైరు పంక్చరైనా, రోడ్డు మూసినా సగం అదనం ఉండాలి, అంటే మూడు నిండు బీ టైపు సిలిండర్లు. 108 సిబ్బందితో కలిసి గేజ్ మీరే చూడండి.

హై ఫ్లో దీనికి పూర్తిగా వేరే లెక్క. 60 లీటర్ల ఫ్లో, 60 శాతం మీద మెషిన్ నిమిషానికి సుమారు 30 లీటర్ల ఆక్సిజన్ లాగుతుంది, 100 శాతం మీద 60 లీటర్లు. ఒక నిండు డీ టైపు రెండు గంటలు కూడా రాదు. 5 లేదా 10 లీటర్ల కాన్సంట్రేటర్ (గాలి నుంచి ఆక్సిజన్ తీసే యంత్రం) దీన్ని మోయలేదు. 2021 మే నెలలో తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ప్రెషర్ పడిపోయి రోగులు ప్రాణాలు కోల్పోయారు. ఒక వార్డులో ఎన్ని హై ఫ్లో మెషిన్లు నడపగలమో పైపులైన్ సామర్థ్యం తెలిసిన మనిషిని అడిగి ముందే గోడ మీద రాసి పెట్టాలి. రెగ్యులేటర్‌కు నూనె, వాజలీన్ తగలకూడదు. ఎండిన పెదవులకు నీటితో చేసిన జెల్లీ రాయండి. శానిటైజర్ పూర్తిగా ఆరాకే మాస్కు ముట్టుకోండి. షాక్ ఇచ్చేటప్పుడు మాస్కును రోగి ఛాతీకి మీటరు దూరం జరపండి.

తగ్గించుకుంటూ రావడం

హై ఫ్లోలో ముందు ఆక్సిజన్ శాతాన్ని 40కి దించండి. అది నిలబడ్డాక ఫ్లోను 5-10 లీటర్ల చొప్పున తగ్గించి, 20 దగ్గర మామూలు ప్రాంగ్స్‌కు మార్చండి. బైపాప్‌ను మొదటి రోజు వీలైనంత ఎక్కువసేపు ఉంచాలి. భోజనానికి, మందులకు, కఫం దగ్గడానికి చిన్న విరామాలు ఇవ్వండి, ఆ విరామంలో ప్రాంగ్స్ తప్పనిసరి. పీహెచ్ మామూలుకొచ్చాక రెండో రోజు నుంచి పగటి గంటలు తగ్గించి, రాత్రి మాస్కును చివరగా తీయండి. నిద్రలో ఊపిరి నెమ్మదిస్తుంది కాబట్టి కార్బన్ డయాక్సైడ్ మళ్లీ పెరిగేది రాత్రే. డిశ్చార్జ్‌కు ముందు ఎంత ఆక్సిజన్ మీద ఎంత శాచురేషన్ ఉందో, సీఓపీడీ అయితే లక్ష్యం 88-92 అని, కాగితం మీద తెలుగులో రాసి ఇంటివారి చేతికివ్వండి. మళ్లీ ఆయాసం వచ్చి వేరే ఆసుపత్రికి వెళ్తే అక్కడి డ్యూటీ డాక్టరు ముందు చూడాల్సిన కాగితం అదే.